చెప్పుకునే జబ్బు

"దగ్గొస్తే కొంగు అడ్డం పెట్టుకోమ్మే, పాలల్లో పడతాది," అంది అత్త సుభద్రమ్మ.

ప్రమీల ఆవు కింద కూర్చుని దగ్గు ఆపుకుంది. కుడి డొక్కలో కొడవలి పెట్టి లాగినట్టుంది. పాలు పితికేది ఆమె, పేడ తీసేది ఆమె, చౌడేపల్లె డెయిరీకి క్యాను మోసేదీ ఆమే. టీబీ జబ్బు చేసిందని పని ఏమీ తగ్గలేదు, తినే పళ్లెం మాత్రం వేరైంది. అదే జబ్బు ముందు తనకే వచ్చిందని చెప్పుకున్న మొగుడు జగదీష్‌కు మాత్రం వేరు పళ్లెం లేదు. ఇదేం న్యాయమని అడిగేవాళ్లు ఆ ఇంట్లో లేరు.

అసలు ఆ ఇంట్లో టీబీ ఎవరికీ లేదు. టమాటా లారీ తోలే జగదీష్ రెండేళ్ల కిందట చిక్కి సగమైతే, కుప్పంలో రక్తం పరీక్ష చేసి మొగుడూ పెళ్లాలిద్దరికీ హెచ్‌ఐవీ ఉందన్నారు. ఇంటికొచ్చి చెబితే సుభద్రమ్మ తలుపేసి ఏడ్చింది. కళ్లు తుడుచుకుని, "టీబీ అని సెప్దామప్పా. అది నలుగుర్లో సెప్పుకునే జబ్బు," అంది. పాపం, పక్కింటి రామక్క అది నమ్మి నాటుకోడి గుడ్లు తెచ్చిచ్చింది. గుడ్లన్నీ కొడుక్కే పెట్టింది సుభద్రమ్మ. కోడలి ఒంట్లోనూ అదే ఉందన్న సంగతి ఆమెకు గుర్తే రాలేదు.

చెప్పగా చెప్పగా ఆ అబద్ధం వాళ్ల నోటికి అలవాటైపోయింది. వానాకాలంలో ప్రమీలకు చలిజ్వరం, దగ్గు పట్టుకుంటే మదనపల్లెలో ఒక డాక్టరుకు చూపించారు. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండిందా అని ఆయన అడిగాడు. "నాకే సార్, తగ్గిపోయింది," అన్నాడు జగదీష్ టక్కున. వేరే జబ్బులేమైనా ఉన్నాయా అంటే, "ఏమీ లేవు సార్," అని దానికీ తనే జవాబిచ్చాడు. కఫం పరీక్షలో ఏమీ కనబడకపోయినా, మొగుడికి ఉండిందన్న మాట మీద ఆమెకు టీబీ మాత్రలు మొదలుపెట్టారు.

మొగుడు ఆడిన అబద్ధాన్ని ఆమె రోజూ పరగడుపున మింగింది. ఆ మాత్రలకు మూత్రం ఎర్రగా పోయింది, అన్నం సయించలేదు, జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. "మాత్రలు సరిగ్గా మింగుతాండావా, పారేస్తాండావా?" అని మొగుడు కసిరాడు. ఇది టీబీ కాదేమోనని ఆమెకు అనిపించకపోలేదు. కానీ ఒక మాట విప్పితే రెండో మాటా బయటపడుతుంది. అప్పుడు బడిలో కూతురు నీరజ పక్కన ఎవరూ కూర్చోరు. ఆ భయం అత్తది, మొగుడిదే కాదు, ఆమెది కూడా. అందుకే నోరు కుట్టేసుకుంది.

ఒక ఉదయం డెయిరీ దగ్గర ఊపిరందక కూలబడింది. ఆటోలో పుంగనూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడా జగదీష్ తనకు ముందు టీబీ వచ్చి తగ్గిందనే చెప్పాడు. డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "ఇన్నాళ్లు టీబీ మందులు వాడినా ఇట్లా ఎందుకుంది? ఇంతకీ మీకు టీబీ ఎక్కడ చూశారు?" అని జగదీష్‌ని అడిగింది.

"అది... మదనపల్లెలోనే మేడమ్..."

తను చచ్చిపోయినా ఈయన ఇదే చెబుతాడని ప్రమీలకు అప్పుడు అర్థమైంది. అప్పుడు నీరజకు ఎవరు దిక్కు? ఒళ్లు మండిపోయింది.

"నన్నడగండి మేడమ్," అంది. "ఆయనకు టీబీ ఎప్పుడూ లేదు. మా ఇద్దరికీ హెచ్‌ఐవీ ఉండాది."

డాక్టరమ్మ ముఖం చిట్లించలేదు. మంచం మీదే కూర్చుని, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు మామూలు బ్యాక్టీరియాతో కూడా ఊపిరితిత్తులకు నెమ్ము చేస్తుందని, అది అచ్చం టీబీలాగే కనబడుతుందని చెప్పింది. కఫం మళ్లీ పరీక్షకు పంపి, వెంటనే సూదిమందు మొదలుపెట్టింది. పరీక్షలో తేలింది కూడా అదే. వారం తిరగకుండానే జ్వరం దిగింది. ప్రమీల గోడకానుకుని రాగిజావ తాగింది, చాలాకాలానికి రుచి తెలిసింది.

ఆ పొద్దు జగదీష్ వచ్చి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"రామక్క నిన్ను సూడనీకి వస్తాండాది. టీబీ తగ్గిందని సెప్పు. డాక్టరు కాడ నా మర్యాద తీసింది సాలు."

ప్రమీల గ్లాసు కింద పెట్టింది.

"నీ మర్యాదంతా ఇన్నాళ్లూ నా ఎదలో దాసిపెట్టినావు మామా. ఇంక ఆడ సోటు లేదు. నాకు ఊపిరి కావల్ల."