తాతలనాటి ఉన్ని శాలువా

నీళ్లలో నానితే తప్ప ఆ గౌను పిల్ల ఒంటి మీది నుంచి ఊడిరాదు. మెడ కింద, వీపు మీద, మోచేతి మడతల్లో రసీ నెత్తురూ ఎండి గుడ్డని చర్మానికి అతికించేశాయి. ఎనిమిది నెలల టిల్లీని గోరువెచ్చటి నీళ్లలో గౌనుతోనే కూర్చోబెట్టి, మేరిన్ అంగుళం అంగుళం ఊడదీస్తోంది. ఒక్కచోట తొందరపడింది. పిల్ల కెవ్వుమంది.

రోజుకి నాలుగుసార్లు పూతమందు, గోళ్లు కత్తిరించడం, గీరుకోకుండా ఆ చిన్ని చేతుల్ని పట్టుకు కూర్చోవడం. "రోజంతా ఇంట్లో నీకు పనేముంది?" అంటాడు మొగుడు క్లెమ్. ఏముందట! వచ్చి ఒక్క పూట పట్టుకుంటే తెలిసేది.

ఇవాళ చర్చిలో పిల్లకి నామకరణం. అత్తగారు ఈనిడ్ తన కారేసుకుని, శాలువా పట్టుకుని వచ్చేసింది. సొంత గొర్రెల ఉన్ని, నాలుగు తరాల పిల్లల్ని చుట్టిన శాలువా.

"ఎగ్జిమా ఒంటికి ఉన్ని తగలకూడదని నర్సు చెప్పింది," అంది మేరిన్.

"గొర్రెలు పెంచే ఇంటి పిల్లకి ఉన్ని పడదంటే ఊరు నవ్వదూ?" అంది ఈనిడ్.

"నర్సుకేం తెలుసు గొర్రెల గురించి," అన్నాడు క్లెమ్.

"ఆవిడ చెప్పింది గొర్రెల గురించి కాదు, పిల్ల గురించి."

క్లెమ్ కొట్టిన దెబ్బకి మేరిన్ చెంప పగిలింది. తల వెళ్లి తలుపుకి కొట్టుకుంది. నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది.

"పౌడర్ రాసుకో అమ్మాయ్, ఫోటోలు తీస్తారు," అంది ఈనిడ్, పిల్లని ఒట్టి ఒంటిమీదే శాలువాలో బిగించి చుడుతూ.

మేరిన్ పౌడర్ రాసుకోలేదు. ఆస్ట్రేలియా రివరీనా మైదానాల ఎండలో కారు చర్చి చేరేసరికి, టిల్లీ మొహాన్ని ఉన్నికేసి రాసి రాసి గుక్కపట్టి ఏడుస్తోంది. పిల్ల తల మీద చల్లడానికి పాస్టర్ నీళ్లు చేతిలోకి తీసుకున్నాడు. మేరిన్ పిల్లని అత్తగారి చేతుల్లోంచి లాక్కుంది. శాలువా ఊడదీసి కింద పడేసింది. పచ్చి పుండైన ఆ వీపు అందరికీ కనిపించింది.

"కప్పవే," అని పళ్లు కొరికాడు క్లెమ్.

ఆమె అతనికేసి చూడలేదు. బెంచీల మీద కూర్చున్న మనుషులకేసి చూసింది. అందరూ క్లెమ్ షెడ్డులో గొర్రెల బొచ్చు కత్తిరించే పనివాళ్లే.

"పోయినేడు ఒక గొర్రెకి చర్మం తెగిందని ఈయన మీలో ఒకణ్ణి అప్పటికప్పుడు పనిలోంచి తరిమేశాడు. ఇదిగో, దీని చర్మం చూడండి. నా మొహం చూడండి. ఈయన్ని ఎవరు తరుముతారు?"



మేరిన్ ఖాళీగా ఉన్న చెయ్యి మొగుడి వైపు చాపింది.

"ఇంటి తాళాలు ఇటివ్వు, క్లెమ్. నువ్వు మీ అమ్మ కారెక్కి ఆవిడ ఇంటికి పో."