చల్లబడ్డ ముల్లు

పొద్దున్న లేవగానే నేను ముగ్గురికి నీళ్లు పోస్తాను. కిటికీలో మొక్కకి, అత్తయ్య ఫ్లాస్కుకి, మా కారుకి. మొక్క పూస్తుంది. అత్తయ్య తాగుతారు. కారు మాత్రం పోసిన నీళ్లు ఎక్కడ దాచుకుంటుందో తెలీదు. కింద ఒక్క చుక్క పడదు, మర్నాటికి మళ్లీ ఖాళీ. "ముసలిదైంది కదా, దాహం ఎక్కువ" అంటారు మావారు. ఆయన లెక్కలో ముసలివాటికి జబ్బులుండవు, అలవాట్లే ఉంటాయి.

కారు మా మామగారిది. ఆయన పోయాక ఫోటో హాల్లోకి వచ్చింది, కారు మా ఆయన చేతికి వచ్చింది. రెండిటి మీదా దుమ్ము తుడవడం నా వంతు, రెండిటి గురించీ మాటనకపోవడం కూడా నా వంతే. గేర్లు వాటంతట అవే మారే బండి. మా ఇంట్లో అన్నీ ఆ రకమే. చొక్కా విప్పి కుర్చీ మీద పడేస్తే అది దానంతటదే ఉతుక్కుని, ఇస్త్రీ చేసుకుని, బీరువాలోకి నడిచి వెళ్లిపోతుంది. తిన్న కంచం దానంతటదే లేచి వెళ్లి తోముకుంటుంది. అత్తయ్య మాత్రలు టైము చూసుకుని డబ్బాలోంచి దూకుతాయి. ఇంత ఆటోమేటిక్ ఇంట్లో ఒక్కదానికి నడుం నొప్పి ఎందుకొస్తుందో ఎవరికీ అంతుపట్టదు. ఇస్త్రీలో స్త్రీ ఉందని పెళ్లైన కొత్తలో ఒక జోకు వేశాను. నవ్వుతారనుకున్నాను. "కాలర్ దగ్గర ఇంకోసారి రుద్దు" అన్నారు.

కొన్నాళ్లుగా గేరు కూడా మొరాయిస్తోంది. రాడ్డు లాగితే బండి కాసేపు ఆలోచిస్తుంది, తర్వాత వెనకనుంచి ఎవరో తన్నినట్టు కదులుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ గోల పెడుతుందే కానీ ఆ కబురు చక్రాలదాకా అందదు. "అరుపు ఎక్కువ, నడక తక్కువ. అచ్చు మా ఆవిడే" అన్నారు మావారు భోజనానికొచ్చిన స్నేహితులతో. వాళ్లు బల్ల చరిచి నవ్వారు. "సైలెన్సర్ పెట్టించండి సార్" అన్నాడొకడు. నేను వాళ్లకి వడ్డిస్తున్నాను. నేనూ నవ్వాను. జోకు బాగుంటే నవ్వడం నా బలహీనత, అది నా మీద వేసిందైనా సరే.

నేను పనిచేసేది పళ్ల డాక్టరు దగ్గర. ముందు బల్ల దగ్గర కూర్చుని ఫోన్లెత్తుతాను, వచ్చినవాళ్లని నవ్విస్తాను. నోరు తెరిపించడం డాక్టరుగారి పని, తెరిచిన నోటిని భయం మరిచేలా చెయ్యడం నా పని. దానికి జీతం ఉండదు. "మీరిలా గట్టిగా నవ్వితే లోపల డ్రిల్లు జారుతుందమ్మా" అని మాత్రం ఆయన రెండుసార్లు పిలిచి చెప్పారు. పళ్లంటే నా జీవితంలో రెండే రకాలు, డాక్టరు పీకేవీ, గేర్లో అరిగేవీ. తినే రకం ఇంట్లో అందరికీ కోసిచ్చాక మిగలదు.

ఒకరోజు బట్టలు ఆరేసి వస్తూ, ఏమనిపించిందో, బానెట్ ఎత్తి గేరునూనె చూసే పుల్ల లాగాను. ఎర్రగా ఉండాల్సిన నూనె లేతగులాబీ రంగులో, నురగలా, మా క్లినిక్‌లో పన్ను పీకించుకున్నవాళ్లు పుక్కిలించి ఉమ్మిన నీళ్లలా ఉంది. నీళ్ల డబ్బా మూత తిప్పి చూస్తే లోపల జిడ్డు. అర్థమైంది. ఇంజన్ నీళ్లూ, గేరు నూనే చల్లబడడానికి వచ్చేది ఒక్క రేడియేటర్‌లోకే, మధ్యలో ఒక పల్చటి గోడ. ఆ గోడ పోయింది. నీళ్లు నూనెలో కలుస్తున్నాయి. బండి దాహమూ గేరు మొరాయింపూ రెండు జబ్బులు కావు, ఒక్కటే. ఆ మాటే షెడ్డుకి ఫోన్ చేసి చెప్పాను. మెకానిక్ చాలా మర్యాదగా అంతా విని, "సార్‌కి ఫోనివ్వండమ్మా" అన్నాడు. ఇచ్చాను. ఇద్దరూ కాసేపు నవ్వుకున్నారు. "ఏం లేదు, నువ్వు కాస్త నెమ్మదిగా తొక్కాలట" అన్నారు మావారు ఫోన్ పెట్టేసి.

మునుపైతే ఆ సాయంత్రం ఇల్లు ఎగిరిపోయేది. నేను అరిచేదాన్ని, ఆయన తలుపు విసిరేవారు, మళ్లీ నేనే తలుపు మీద ఏదో జోకేసి తెరిచేదాన్ని. ఈమధ్య అరవబుద్ధి కావట్లేదు. కోపం వస్తుందేమో అని చూస్తాను, రాదు. ఏడుపు వస్తుందేమో అని చూస్తాను, అదీ రాదు. అత్తయ్య ఫోన్లో చెల్లెలితో అంటుంటే విన్నాను: "ఇప్పుడు చాలా నయమే. కోడలు చల్లబడింది. వయసొచ్చింది కదా." నయమేననుకున్నాను నేను కూడా.

ఆ వారమే అత్తయ్యకి కంటి ఆపరేషన్. ఆసుపత్రి కొండ అవతల ఊళ్లో. మావారు షటిల్ ఆడబోయి పడ్డారు, కుడిచేతికి కట్టు. నోటికి లేదు. అందుకని స్టీరింగ్ నాది, డ్రైవింగ్ ఆయనది.

"టాక్సీ పిలుద్దామండీ" అన్నాను ముందురోజు.

"ఇంటి ముందు బండి పెట్టుకునా?"

"మీ మామగారి బండుండగా పరాయి బండెక్కుతానా అమ్మాయ్?" అన్నారు అత్తయ్య.

"నాకు భయంగా ఉందండీ. ఆ బండి కొండెక్కదు."

"నీకు దేనికి భయం లేదో చెప్పు, అది మాట్లాడుకుందాం" అన్నారు మావారు. అంతటితో ఆ సంగతి అయిపోయింది.

కొండ రోడ్డు సన్నం. ఒక పక్క రాయి, ఒక పక్క మోకాలెత్తు గోడ, దాని అవతల గాలి. మూడో మలుపుకే వేడి చూపే ముల్లు సగం దాటింది. నేను రోడ్డు చూస్తున్నానా ముల్లు చూస్తున్నానా నాకే తెలియలేదు. అరచేతులు స్టీరింగ్‌కి అతుక్కుపోయాయి. వెనక ఒక లారీ, దాని ముక్కు మా అద్దం నిండా ఉంది, హారన్ వీపులో పొడిచినట్టుంది. ఆగుదామంటే చోటు లేదు. వెనక సీట్లో అత్తయ్య, ఆవిడ పక్కన మా అమ్మాయి, ఇంకా కాలేజీ మొహం కూడా చూడని పిల్ల, చెవుల్లో పాటలు పెట్టుకుని కాళ్లు ఊపుతోంది.

హీటర్ పెట్టాను, పూర్తిగా.

"అయ్యో అయ్యో, ఉడికిపోతున్నానే అమ్మాయ్!"

"మతుందా? ఎండలో హీటరా?" మావారు ఎడమచేత్తో కట్టేశారు.

"ఇంజన్ వేడి కొంచెం మనవైపు లాగుతుందండీ. దానికి కాస్త ఊపిరాడుతుంది."

"అంటే మనల్ని చంపి దాన్ని బతికిస్తావు."

మళ్లీ పెట్టడానికి నాకు ధైర్యం చాల్లేదు. నిజం చెప్పాలంటే నాకు ఇంజన్ ఒక్కటే కాదు భయం. ఆయన ఎప్పుడూ నా మీద చెయ్యెత్తలేదు. ఆయన గొంతు ఒక మెట్టు దిగుతుంది, అంతే. ఆ దిగిన గొంతుతో "చూడు" అంటారు. ఆ మాట తర్వాత వారం రోజులు ఇంట్లో గాలి ఉండదు. ఆ గాలి లేని వారానికి భయపడి నేను ఎన్ని ఎత్తులు ఎక్కానో, ఎన్ని బ్రేకులు వెయ్యకుండా మింగానో.

"అమ్మా, ఏదో తియ్యటి వాసనొస్తోంది" అంది అమ్మాయి, చెవిలోంచి ఒకటి తీసి.

"బయట పూలు" అన్నారు వాళ్ల నాన్న.

పూలు కావు. ఇంజన్ నీళ్లలో కలిపిన కూలెంట్ కాగుతోంది. ముల్లు ఎర్రగీత మీద ఉంది. కాలు నొక్కితే ఇంజన్ అరుస్తోంది, బండి నెమ్మదిస్తోంది. గేరు పట్టడం లేదు. లారీ ఇంకా దగ్గరికొచ్చింది. వెనక్కి జారితే అన్న ఆలోచన వచ్చింది, దాన్ని పూర్తి చెయ్యలేదు.

అప్పుడు ముల్లు పడిపోయింది.

ఒక్కసారిగా, ఎర్రగీత మీదనుంచి కిందికి, పొద్దున బండి తియ్యకముందు ఎక్కడుందో అక్కడికి. అమాయకంగా నిలబడింది.

"అదిగో! చల్లబడింది" అన్నారు మావారు, సీట్లో వెనక్కి వాలి. "నీదంతా ఊరికే కంగారు."

"మా ఆయన బండి ఎక్కడికి పోతుంది" అన్నారు అత్తయ్య, చీరకొంగుతో విసురుకుంటూ. అమ్మాయి మళ్లీ పాటలు పెట్టుకుంది. బండిలో అందరి ఊపిరీ ఒక్కసారి వదిలింది. నా ఊపిరి ఆగిపోయింది.

మా క్లినిక్‌కి వారానికొకరైనా ఫోన్ చేస్తారు. "రాత్రి వరకూ ప్రాణం తీసిన పన్నండీ, పొద్దున్నుంచి నొప్పే లేదు, నా అపాయింట్‌మెంట్ తీసెయ్యండి" అని సంబరంగా చెబుతారు. నా జోకు తయారుగా ఉంటుంది, 'పన్నుతో పాటు పన్నాగం కూడా పీకేద్దాం రండి' అంటాను. ఎందుకంటే డాక్టరుగారు నాకు మొదటిరోజే చెప్పారు: నొప్పి ఉన్నట్టుండి పోతే తగ్గినట్టు కాదు, లోపల నరం చచ్చిపోయినట్టు. అలాంటివాళ్లని ఆలస్యం చెయ్యకుండా పిలవమన్నారు. ఈ ముల్లూ అంతే. ఇది ఇంజన్ వేడి చూపించదు, ఇంజన్ చుట్టూ తిరిగే నీళ్ల వేడి చూపిస్తుంది. నీళ్లు పూర్తిగా అయిపోతే దానికి చూపించడానికి ఏమీ ఉండదు. అందుకే చల్లగా ఉంది. కాలిపోతూ చల్లగా ఉంది. ఇదంతా ఒక్క క్షణంలో తెలిసింది. దాని వెనకే ఇంకోటి తెలిసింది, అది ముల్లు కంటే, లారీ కంటే, గోడ అవతలి గాలి కంటే ఎక్కువ భయపెట్టింది. 'కోడలు చల్లబడింది.' నా ముల్లు ఎప్పట్నుంచి కింద ఉంది? కోపం రాని ఆ రోజుల్లో లోపల ఏం కాలిపోయింది? ఎవరూ చూడలేదు సరే, నేనెందుకు చూడలేదు?

ముందు మలుపు దగ్గర రోడ్డు పక్కన కొంచెం వెడల్పు కనబడింది, రాళ్లు పోసి ఉన్నాయి. అటు తిప్పాను.

"ఏం చేస్తున్నావు? ఆపకు. ఇంకొక్క మలుపు దాటితే దిగుడే."

బ్రేకు మీద కాలు పెట్టాను. ఆయన గొంతు ఒక మెట్టు దిగింది. "చూడు. ఆపావంటే..."

ఆపాను. తాళం తిప్పి బయటికి లాగాను. లారీ మా పక్కనుంచి హారన్ కొట్టుకుంటూ పోయింది, బండి మొత్తం ఊగింది. ఇంజన్ ఆగాక కూడా ముందు నుంచి టిక్కుటిక్కుమని చప్పుడు.

మావారు తలుపు తన్ని దిగారు. "సరే, కాస్త నీళ్లు తాగించి బయల్దేరదాం. అమ్మలూ, ఆ తువ్వాలు పట్టుకురా. రేడియేటర్ మూత తియ్యి, నా చెయ్యి ఇలా ఉంది కదా."

అమ్మాయికి నాన్న పని చెబితే పండగ. నేను బెల్టు విప్పుకునేలోపు బానెట్ ఎత్తేసింది.

"వద్దమ్మా" అన్నాను. ఎవరికీ వినబడలేదు. నాకే సరిగా వినబడలేదు. ఇంట్లో వాడుతున్న గొంతు అది, ఎవర్నీ ఇబ్బంది పెట్టని గొంతు. పిల్ల తువ్వాలు మడిచి మూత మీద వేసింది. మొహం సరిగ్గా దాని మీదుగా వంచింది. వేళ్లు బిగించింది.

నేను అరిచాను.

ఏం అరిచానో మాటలుగా గుర్తులేదు. గొంతు చీరుకుపోయింది. పిల్ల ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంది. అప్పటికే వదులైన మూత బుస్సుమంది. తువ్వాలు గాల్లోకి లేచింది, దాని వెనక తెల్లటి ఆవిరి నిట్టనిలువుగా లేచి, ఇప్పుడే పిల్ల మొహం ఉన్న చోటంతా నిండిపోయింది. పిల్ల రాళ్ల మీద వెనక్కి పడింది. పరిగెత్తుకెళ్లి చేతులు తిప్పి చూశాను, మెడ చూశాను, కళ్లు చూశాను. ఏమీ కాలేదు. ఏమీ కాలేదని మళ్లీ మళ్లీ చూశాను.

మావారు ఆవిరి వంక చూస్తూ నిలబడిపోయారు. కట్టులో ఉన్న చెయ్యి గుండెకి ఆనించుకుని చిన్నపిల్లాడిలా ఉన్నారు. ఆయన మొహంలో కూడా భయం చూడడం అదే మొదలు. ఆ మొహం చూసి జాలిపడి, ఏదో జోకేసి తేల్చెయ్యడం నాకు వచ్చిన విద్య. నాలిక చివరిదాకా ఒకటి వచ్చింది కూడా. వెయ్యలేదు.

ఫోన్ తీసి టాక్సీకి చెప్పాను. ఆసుపత్రికి చేసి ఆలస్యమవుతుందని చెప్పాను. బండి తీసుకుపోవడానికి వేరే షెడ్డుకి చేశాను. అవతలివాడు "సార్ ఉన్నారా మేడమ్?" అన్నాడు. "ఉన్నారు. మాట్లాడేది నేనే" అన్నాను. తాళం పిడికిట్లో ఉంది, దాని పళ్లు అరచేతిలో గుచ్చుకుంటున్నాయి.

అత్తయ్య బండి దిగి, మసక కళ్లతో తడుముకుంటూ నా దగ్గరికొచ్చారు. పొద్దున నేను నింపిన ఫ్లాస్కు తెరిచి, మూతలోకి నీళ్లు వంచి నా చేతికిచ్చారు. "తాగు. గొంతు పోయింది నీకు" అన్నారు. నా భుజం తడిమి, "నేను కూడా చూడలేదే అమ్మాయ్" అన్నారు. కళ్ల గురించి అన్నారో, దేని గురించి అన్నారో అడగలేదు. తాగాను. ఆ ఇంట్లో నాకొకరు నీళ్లు పోసివ్వడం గుర్తులేదు. చల్లగా దిగాయి, దిగిన దారంతా మండింది.

మావారు నెమ్మదిగా దగ్గరికొచ్చి, తాళం కోసం ఎడమచెయ్యి చాపారు. నేను ఇవ్వలేదు. చెయ్యి కాసేపు అలాగే ఉండి, కిందికి దిగింది.

"ఇప్పుడు కాస్త చల్లబడ్డావా?" అన్నారు.

"లేదండీ" అన్నాను. "ఇప్పుడే ముల్లు కదిలింది."