గడప ఇవతల

చెల్లెలు షెలోమీతు కొన ఊపిరితో ఉందని తెలిసిన దగ్గర్నుంచి మల్కియ్యా తన ఇంట్లో తాను అడుగు పెట్టలేదు. వాకిట్లో దానిమ్మ చెట్టు కిందే తింటున్నాడు, అక్కడే పడుకుంటున్నాడు.

అతను యాజకుడు. పెళ్లికాని చెల్లెలు పోతే యాజకుడు ఆమె కోసం మైలపడవచ్చు. మగని ఇంటికి వెళ్లిన చెల్లెలి కోసం కూడదు. షెలోమీతును మొగుడు విడాకుల పత్రం చేతికిచ్చి గెంటేస్తే అన్న ఇంటికే చేరింది, నిజమే. అయినా పెళ్లయిన మనిషే. ఆమె ప్రాణం పోయే వేళ తనూ అదే కప్పు కింద ఉంటే చాలు, ఏడు రోజుల మైల. ఎల్లుండి నుంచి యెరూషలేము దేవాలయంలో అతని వంతు వారం. పరిశుద్ధ స్థలంలో ధూపం వేసే భాగ్యం చీటీ పడితేనే దక్కుతుంది, అదీ జన్మకొక్కసారి. ఇరవయ్యారేళ్లుగా మల్కియ్యాకు పడలేదు.

“అన్నయ్యా,” లోపలినుంచి పిలిచింది. “ఉన్నావా, పట్నం పోయావా?”

“ఇక్కడే ఉన్నానే.”

“కడిగీ కడిగీ ఆ చేతులు అరిగిపోయాయా, ఇంకా మిగిలాయా?”

మల్కియ్యాకు నవ్వొచ్చింది. చిన్నప్పుడు వాగు దాటేటప్పుడు ఆ చేతినే పట్టుకునేది. నీళ్లు మోకాలి దాకా లేకపోయినా వదిలేది కాదు.

“ఒక్కసారి వచ్చి పట్టుకో. భయమేస్తోంది.”

అతను లేచి గడప దాకా వెళ్లాడు. ఒక కాలు గడప మీద పెట్టి ఆగిపోయాడు. భార్య హొగ్లా తడిగుడ్డతో ఎదురొచ్చింది.

“రండి. ఇంకెంతోసేపు ఉండదు.”

“అందుకేగా రానిది.”

“ఆ పిల్ల మిమ్మల్ని ధూపం అడగట్లేదండీ. చెయ్యి అడుగుతోంది.”

“దేవుడు పెట్టిన కట్టడ హొగ్లా.”

“అయితే ఆ మాట మీరే చెప్పండి దానికి. నావల్ల కాదు.”

అతను చెప్పలేదు. “అన్నయ్యా” అని మరో రెండుసార్లు వినిపించింది. తర్వాత హొగ్లా ఏడుపు వినిపించింది. మల్కియ్యా గడప మీదినుంచి కాలు వెనక్కి తీశాడు.

ఆ వారం చీటీ అతనికే పడింది. నిప్పుల మీద ధూపం వేస్తే పొగ గుప్పున లేచింది. ఇన్నేళ్లు దాచుకున్న ప్రార్థన ఒక్కటీ నోటికి రాలేదు. శుభ్రమైన తన చేతుల్నే చూస్తూ నిలబడ్డాడు.

చలికాలంలో గలిలయ నుంచి నూనె వర్తకుడొకడు వచ్చాడు.

“మా వైపు ఒక బోధకుడున్నాడయ్యా. చచ్చిన పిల్లను చెయ్యి పట్టుకుని లేపాడు.”

“శవాన్ని ముట్టుకున్నాడా? మరి మైల?”

వర్తకుడు పగలబడి నవ్వాడు. “పిల్ల లేచి రొట్టె తింటుంటే ఇంకా మైలేంటి సామీ!”

మల్కియ్యా నవ్వలేదు. అతనికి తెలిసిన పవిత్రత దీపంలాంటిది, గాలి తగలకుండా చేతులు అడ్డుపెట్టి కాపాడుకోవాలి. చావు దగ్గరికి తానే నడిచివెళ్లి, చావునే తరిమే పవిత్రత కూడా ఉంటుందా? ఉంటే, తను ఆ గడప దగ్గర కాపాడుకున్నది ఏమిటి?

సాయంత్రం కొండవైపు నడిచాడు. యాజకులు పొరపాటున తాకకుండా సమాధులకు సున్నం పూసి ఉంటుంది. తెల్లటి గుర్తు దాటి వెళ్లి, షెలోమీతు సమాధి రాతి మీద అరచెయ్యి ఆనించాడు.

రాయి చల్లగా ఉంది. చీకటి పడేదాకా ఆ చెయ్యి అలాగే ఉంచాడు. లోపలినుంచి ఎవరూ పట్టుకోలేదు.