కుర్చీ పైలట్

నిచ్చెన పైమెట్టు మీద నిలబడి అతను బూట్ల అడుగులు గుడ్డతో తుడుచుకున్నాడు. ముందు ఎడమది, తరవాత కుడిది. గుడ్డ మడిచి జేబులో కుక్కుకుని, కాలు లోపల పెట్టి, పైలట్ కుర్చీలో ఒదిగి కూర్చున్నాడు. పక్కనున్న చేతిపంపును ముప్పై సార్లు కొట్టేసరికి గాజు కింద ముల్లు కదిలి పచ్చగీత దాటింది. బ్రేకులకు బలం వచ్చిందన్నమాట. అప్పుడు రెండు పాదాలూ పెడల్స్ మీద ఆనించాడు. ఇక అతని పని మొదలైనట్టే. పని అంటే కూర్చోవడమే.

విమానాన్ని షెడ్డు నుంచి బయటికి ట్రాక్టరు లాక్కెళుతుంది. అలా లాగుతున్నంతసేపూ లోపల ఒక మనిషి ఉండాలి, ఏదైనా తేడా వస్తే బ్రేకు తొక్కడానికి. పంతొమ్మిదేళ్ళుగా ఆ మనిషి అతనే. నౌకాదళం వాడిన ప్రతి రకం విమానంలోనూ పైలట్ కుర్చీలో కూర్చున్నాడు, ఒక్కదాంట్లోనూ జానెడు ఎత్తు లేవలేదు. షెడ్డులో అందరూ అతన్ని కుర్చీ పైలట్ అంటారు. మొదట్లో ఉడుక్కునేవాడు. పోను పోను జీతం కాగితం మీద అసలు పేరు చూసి ఇదెవరబ్బా అనుకునేదాకా వచ్చింది.

ఆ రోజు నౌకాదళ విమాన విభాగానికి డెబ్బై అయిదేళ్ళు నిండాయి. పది గంటలకు ఆకాశంలో విన్యాసాలు. జనం చూడడానికి నేల మీద తొమ్మిది విమానాలు వరుసగా నిలపాలి. ఎనిమిదింటిని పొద్దున్నుంచీ ఒక్కొక్కటే చేర్చారు. ఇది ఆఖరిది, అన్నిటికంటే పాతది. ఓడ మీద దిగినప్పుడు తాడుకు తగులుకునేందుకు తోక కింద కొక్కెం, ఓడలో చోటు చాలదని పైకి మడిచి పెట్టిన రెక్కలు. రాత్రంతా ఎవరో తుడిచినట్టున్నారు, గాజు మూత మీద ఒక్క వేలిముద్ర కూడా లేదు.

కిందికి చూశాడు. విమానాన్ని లాగే కమ్మీని బావ ముందు చక్రానికి తగిలిస్తున్నాడు.

ట్రాక్టరు నడిపే బావ అతని భార్యకు అన్న. ఈ పనిలో పెట్టించిందీ, పని నేర్పిందీ ఆయనే. "గట్టిగా తొక్కావో, కమ్మీలో పిన్ను తెగుతుంది. నీ విమానం ఆగుతుంది, నా ట్రాక్టరు ఆగదు. గుడ్డు మీద కాలేసినట్టు తొక్కాలి," అని మొదటి రోజే చెప్పాడు. పంతొమ్మిదేళ్ళలో అలా తొక్కాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు. బావ అంత నున్నగా లాగుతాడు.

"ఇవాళైనా చెప్తారా మా అన్నయ్యకి?" అని భార్య పొద్దున అడిగింది. చొక్కా అతని ఒంటి మీద ఉండగానే బొత్తాం కుట్టి, దారం పళ్ళతో తెంపడానికి ముఖం ఛాతీకి ఆనించింది. కొబ్బరినూనె వాసన వేసింది.

"చూద్దాం."

"చూసేదేముంది? సోమవారం నుంచి మీరు స్టోర్లో కూర్చుంటారు. వెనకాల ఇంకెవరో ఉండేసరికి అన్నయ్యకి ఎలా ఉంటుంది? పోనీ నేను చెప్పనా?"

"వద్దు. నేనే చెప్తా."

"నెల్నుంచీ ఇదే పాట."

బదిలీ దరఖాస్తులో కారణం దగ్గర మోకాళ్ళ నొప్పులని రాశాడు. నిజానికి మోకాళ్ళు రాళ్ళలా గట్టిగా ఉన్నాయి. అసలు సంగతి భార్యకు కూడా చెప్పలేదు. నిరుడు ఒక మధ్యాహ్నం, వాన వెలిసి చల్లగా ఉన్నప్పుడు, అతను ఈ కుర్చీలోనే నిద్రపోయాడు. షెడ్డు దగ్గర కళ్ళు మూశాడు. తెరిచేసరికి విమానం మైదానం అవతల ఉంది. పాదాలు పెడల్స్ మీద లేవు. మొత్తం దారి బావ ఒక్కడే లాక్కొచ్చాడు. ఎవరూ చూడలేదు, ఏమీ జరగలేదు. ఆ ఏమీ జరగకపోవడమే అతన్ని పట్టుకుంది. అప్పటినుంచి కూర్చుంటున్నాడు, దిగుతున్నాడు, తింటున్నాడు. కాలు తిమ్మిరెక్కితే గిచ్చినా తెలియదు చూడండి, మనిషి మొత్తం అలా అయ్యాడు.

బావ పిన్ను దిగ్గొట్టి, నడుం నిటారు చేసి, తలెత్తి చూశాడు. యాభై ఏడేళ్ళ మనిషి, బుర్ర మీసాలు, టోపీ కింద చెమట.

"ఏం పైలట్ బావా, ఇవాళన్నా ఎగిరేది ఉందా?"

"పెట్రోలు పోయించు, ఎగురుతా."

రోజూ ఇదే మాట, ఇదే జవాబు. బావ నవ్వలేదు. ఎడమ భుజం నొక్కుకుంటూ నిలబడ్డాడు.

"ఏమైంది బావా?"

"మీ అక్క కొత్త దిండు కుట్టింది. దాన్లో దూది పెట్టిందో ఇటుకలు పెట్టిందో, మెడ పట్టేసింది." టోపీ సర్దుకుని, "స్టోర్లో ఫ్యాను ఉందంట కదా," అన్నాడు.

అతను గాజు కింద ముల్లు వైపు చూశాడు.

"పెద్ద గుమస్తా చెప్పాడు. నెలైంది. నువ్వే చెప్తావని చూస్తున్నా."

"మోకాళ్ళు బావా..."

"నీ మోకాళ్ళు నాకు తెలీవా? మొన్న మా మేడ మీదికి బీరువా మోసింది ఎవరి మోకాళ్ళు?" బావ గొంతు తగ్గించాడు. "నిజం చెప్పు. నేను సరిగ్గా లాగట్లేదా? కుదుపులేమన్నా వస్తున్నాయా?"

"ఛ, అదేం మాట బావా."

"మరి?"

రెక్క పక్కన నడిచేవాడు కదలమని ఈల వేశాడు.

"దిగాక చెప్తా," అన్నాడు అతను.

"చెప్పు. అప్పుడు కూడా మోకాళ్ళన్నావంటే మీసం పట్టి లాగుతా."

"నాకు మీసమేదీ?"

"పెంచుకునిరా."

బావ ట్రాక్టరెక్కాడు. విమానం కదిలిన సంగతి పక్క గోడ వెనక్కి జరిగితేగాని తెలియలేదు. బయట ఎండ తెల్లగా ఉంది. అడ్డంగా కట్టిన తాడు అవతల జనం, గొడుగులు, భుజాలెక్కిన పిల్లలు. ఒక పాప పీచుమిఠాయిని ముఖమంతా పూసుకుని, నాలుక ఎంత దూరం పోతుందో అంత దూరం నాకుతోంది.

"అమ్మా, అది రెక్కలెందుకు ముడుచుకుంది?"

"చలేస్తోందేమో," అంది తల్లి.

మైకు మోగింది. నాలుగు జెట్లు నెత్తి మీదుగా పోయాయి. అతను మాటలు కూడబలుక్కుంటున్నాడు. నీ వెనకాల నిద్రపోయాను బావా. నేనున్నా లేకపోయినా నువ్వు లాగేస్తావని తెలిసింది. ఇన్నేళ్ళు ఎందుకు కూర్చున్నానో తెలియడం లేదు. ఆఖరి మాట బాగాలేదనిపించింది. తీసేశాడు. తీసేస్తే మిగతాదంతా చప్పగా ఉంది. మళ్ళీ పెట్టాడు.

వరుస దగ్గర ఎడమకు తిరగాలి. తిరిగే ముందు బావ ఎడమ చెయ్యి ఎత్తుతాడు. మలుపు వచ్చింది. చెయ్యి లేవలేదు.

బావ కింద ఏదో పడితే వెతుకుతున్నట్టు ముందుకు వంగాడు. వంగినవాడు లేవలేదు. ట్రాక్టరు మలుపు దాటి తిన్నగా పోతోంది. అక్కడినుంచి తాడు దాకా నేల కాస్త పల్లం. వెనక విమానం బరువు ట్రాక్టరును నెడుతోంది.

అతని పాదాలు పెడల్స్ మీదే ఉన్నాయి. దిగాయి. బలమంతా వేసి తొక్కమని ఒళ్ళు చెబుతోంది, పాదాలు వినలేదు. మెల్లగా, ఇంకా మెల్లగా దిగుతూ పోయాయి. ముందు చక్రం మూలిగింది. కమ్మీ బిగుసుకుంది. పిన్ను నిలిచింది. విమానం ట్రాక్టరును పట్టి ఆపింది. తాడుకు ఆరడుగులుంది.

జనం చప్పట్లు కొట్టారు. ఇదీ విన్యాసమే అనుకున్నారు.

"పైలట్ మామకి టాటా చెప్పమ్మా," అంటోంది ఒకామె.

రెక్కల వాళ్ళు పరిగెత్తుకొచ్చి బావను ట్రాక్టరు మీంచి దించారు. సూపర్‌వైజరు చేతులూపుతూ కేక వేశాడు. "పాదం తియ్యకు! పల్లం! పాదం తియ్యకు!"

తియ్యలేదు. పైనుంచి అన్నీ కనిపిస్తున్నాయి. బావ టోపీ ఊడింది. నడినెత్తిన జుట్టు ఇంత పలచబడిందా అనుకున్నాడు, పైనుంచి చూసినప్పుడల్లా టోపీ ఉండేది. ఎవరో ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి నొక్కుతున్నారు. తెల్ల బండి వచ్చింది, పోయింది. జెట్లు తిరిగొచ్చి పొగతో పెద్ద గీత గీశాయి. పిక్కలు వణుకుతున్నాయి. ఎవరివో పిక్కల్ని చూసినట్టు చూశాడు.

ఎంతసేపో తెలియదు. చక్రాల కింద దిమ్మెలు పెట్టారు. ఇంకో ట్రాక్టరు, ఇంకో డ్రైవరు వచ్చారు. కొత్తవాడు కుదుపుతో లాగాడు, కుదుపుతో ఆపాడు. తొమ్మిదో విమానం వరుసలో నిలిచింది. నిచ్చెన వచ్చాక అతను ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగాడు.

"పోయాడయ్యా," అన్నాడు సూపర్‌వైజరు. "బండెక్కించేసరికే లేడంట."

"సరే సార్."

"నువ్వు ఆపకపోతే ఎంతమంది..." అని ఆగి, "మీ ఇంటికి కబురు పెట్టనా?"

"నేనే చెప్తా."

నిలబడ్డాడు. ఏదో చెప్పాలి, ఎవరికో. దిగాక చెప్పాలి. దిగాడు.

బావ ట్రాక్టరును పక్కకు తీసి గడ్డి అంచున వదిలేశారు. గేటు వైపు నడుస్తూ దాని దగ్గర ఆగాడు. స్టీరింగు పక్కన, తీగతో చుట్టిన గూట్లో నీళ్ళ సీసా ఉంది. సగం తాగి ఉంది, మూత లేదు. జెట్లు మరోసారి వచ్చాయి. సీసాలో నీళ్ళు సన్నగా వణికాయి, అవి దూరమయ్యాక నిమ్మళించాయి.