దిండు తీయలేదు

పక్కదుప్పటి మార్చిన ప్రతిసారీ, చెల్లెలు డాక్టరు చదువు చదివిన రోజులు గుర్తొస్తాయి.

ఆ కాలేజీ ఆసుపత్రిలోనే అమ్మ ఆయా. రోగిని మంచం దించకుండా, నొప్పి తెలియకుండా దుప్పటి మార్చేది. ఇంట్లో మాకు ఆ పని చూపించడానికి రోగిని నేనే. ముందు తలకింద దిండు తీసేసి, నా మోకాలు మడిచి, భుజం మీదొక చేయి, తుంటి మీదొక చేయి వేసి తనవైపు తిప్పుకునేది.

"పేషెంటు నవ్వకూడదే!"

"గిలిగింతలు పెడితే నవ్వనా మరి?"

పుస్తకంలో తలదూర్చిన చెల్లెలు కూడా కిసుక్కుమనేది.

మా వాళ్లలో ఆ చదువుకు వెళ్లిన మొదటి మనిషి అది. వార్డులో మొదటిరోజు స్టెతస్కోపు పెట్టబోతూ, అలవాటుకొద్దీ ముందు రోగి దుప్పటి సర్దింది. "ఆయాగారొచ్చారు, తప్పుకోండి!" అన్నారెవరో. బ్యాచంతా నవ్వింది. ఆ సాయంత్రం చెల్లెలు అమ్మ మొహం చూడకుండానే, "వార్డులో నన్ను పలకరించకే" అంది.

"సరేలే" అంది అమ్మ. ఆ తర్వాత రెండేళ్లూ బకెట్టుతో దాని పక్కనుంచే, పరాయిదానిలా వెళ్లిపోయింది.

ఆఖరి పరీక్షలో చెల్లెలికి పక్షవాతం వచ్చిన ముసలాయన పడ్డాడు. వీపు మీద స్టెతస్కోపు పెట్టి ఊపిరి వినాలి. అంతకుముందు ఇద్దరు కలిసి లాగితే ఆయన కేకపెట్టాడట. చెల్లెలు ఒక్కతే ఆయన మోకాలు మడిచింది, భుజం, తుంటి పట్టి తిప్పింది. ఆయన కిక్కురుమనలేదు. ఊపిరితిత్తుల అడుగున గరగర దానికి స్పష్టంగా వినిపించింది.

"ఇలా తిప్పడం మేం నేర్పలేదే. ఎవరు నేర్పారు?" అన్నాడు పెద్దడాక్టరు.

కిటికీ దగ్గర అమ్మ బేసిన్ కడుగుతోంది. చుట్టూ బ్యాచంతా ఉంది. చెప్పొద్దన్నట్టు అమ్మ తల అడ్డంగా ఊపింది.

"మా అమ్మ సార్. అదిగో, ఆవిడే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. పెద్దడాక్టరు అమ్మకేసి తిరిగాడు. "ఏమ్మా, సరిగ్గానే తిప్పిందా?"

అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి మంచమంతా పరకాయించి చూసింది.

"దిండు తీయలేదు సార్."

అప్పుడు ముసలాయనతో సహా అందరూ నవ్వారట. ఆ దిండుతో తనకు రెండు మార్కులు పోయాయని చెల్లెలు ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

పాసై హౌస్ సర్జన్‌గా చేరిన మొదటి ఉదయం అది వార్డులో అడుగుపెట్టగానే, ఆ చివరి మంచం దగ్గరనుంచి అమ్మ గొంతు ఖంగుమందట.

"ఏమే, తిన్నావా?"