ఈ ఇంటి చుట్టం

సకల ప్రాణుల కడుపులో జఠరాగ్నివై వెలిగే స్వామీ, నీకు మొక్కి ఈ కథ మొదలుపెడుతున్నాను. మూత ఎత్తకుండానే ఎవరి గిన్నెలో ఏముందో ఎరిగినవాడివి నువ్వొక్కడివే. మూతలెత్తి చూసేవారి కథ చెప్పేటప్పుడు నా కోపం హద్దు దాటితే, అదీ నువ్వు రాజేసిన నిప్పేనని మన్నించు.

గిన్నెల మూతలెత్తి చూస్తాడని మేడవాళ్లు మూతలసారని పిలిచే సర్కారు తనిఖీదారు కింది అంతస్తులో పని ముగించాడన్న కబురు అందేసరికి, పై అంతస్తు గదిలో కోడలు జ్వరంతో ఉన్న మామగారి నుదుటిమీద తడిగుడ్డ మారుస్తోంది. తెల్లవారుజామున ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పనినుంచి వచ్చింది. ఇంకా నడుము వాల్చలేదు. చేతులకు బ్లీచింగు వాసన వదలలేదు. పిల్లలిద్దరూ బడికి వెళ్లారు.

భర్త పోయిన నాటినుంచి సర్కారు నెలనెలా ఇచ్చే సాయంతోనే ఆ గది అద్దె తీరుతోంది. ఆమె కూలి తిండికి మాత్రమే చాలుతుంది. అయితే ఆ సాయానికి ఒక షరతు ఉంది: ఇంట్లో పెద్ద మగవాడు ఉండరాదు. ఉంటే ఆ ఇంటికి సంపాదన ఉన్నట్టే లెక్క. మామగారు వడ్రంగి. ఆయన కుడిచేతి మూడు వేళ్లను రంపపు యంత్రం ఏనాడో మింగేసింది. షరతు వేళ్లను లెక్కపెట్టదు.

అందుకే ఆ మేడలో ఒక ఆచారం ఏర్పడింది. తనిఖీ రోజున సామాన్లు నడుస్తాయి. తనిఖీ అయిపోయిన ఇంటికి మిగతా ఇళ్ల ఫ్యానులు, నిలువుటద్దాలు వలసపోతాయి. మామగారు మంచిరోజుల్లో స్వయంగా చేసుకున్న చేతుల కుర్చీ ముందుగా వెళ్తుంది. చేతుల కుర్చీ ఉన్న ఇంట్లో ఆకలి ఉండదని మూతలసారు నమ్మకం. కుర్చీ వెనుకే మామగారు లేచి, చెప్పులు తొడుక్కుని, డాబామీద నీళ్లట్యాంకు చాటుకు వెళ్లి కూర్చుంటారు. ఎవరైనా ఎదురుపడితే చెప్పవలసిన మాట కూడా ఆయనకు కంఠస్థమే.

ఎదురింటి దర్జీ పెద్దమ్మ తలుపులో నిలబడింది. ఆమె ఇంట తనిఖీ నిన్ననే అయిపోయింది.

"ఏమే, కుర్చీ మా ఇంటికొచ్చేసింది, కుర్చీలో మనిషి ఇంకా రాలేదేం?"

"ఒళ్లు కాలిపోతోంది పెద్దమ్మా. డాబా మీద ఎండ చూశావుగా."

"పోనీ మా మంచం కింద పడుకోబెడదాం. ఇప్పటికే మూడు ఫ్యాన్లున్నాయక్కడ. గాలికి లోటుండదు."

ఆమెకు నవ్వు రాబోయింది. అంతలో మామగారి ముఖం చూసింది.

"వద్దు పెద్దమ్మా. ఫ్యాన్ల పక్కన పెట్టడానికి ఆయనేం సామానా?"

"మరేం చేస్తావే?"

"ఏమో. నాకూ తెలీదు."

మెట్లమీద బూట్ల చప్పుడైంది. పెద్దమ్మ తన గుమ్మంలోకి తప్పుకుంది. ఆమె మామగారి మంచానికి అడ్డంగా తెర లాగింది.

మూతలసారు దుర్మార్గుడేమీ కాదు. మెత్తగా మాట్లాడతాడు, తల వంచి లోపలికి వస్తాడు. వచ్చి తిన్నగా పొయ్యి దగ్గరికే వెళ్తాడు. ఆనాడూ అలాగే వెళ్లి గిన్నెమీది మూత ఎత్తాడు. మూత గిన్నె అంచుకు తగిలి ఖంగుమంది.

ఆ చప్పుడుకు, తెర వెనుక జ్వరంలో మూలుగుతున్న మామగారు దిగ్గున లేచారు. కళ్లు పూర్తిగా తెరుచుకోలేదు. తెర తొలగించుకుని వచ్చి, గోడ పట్టుకుని, కాలితో చెప్పులకోసం తడుముకున్నారు.

"వెళ్తున్నా బాబూ, వెళ్తున్నా. నేను చుట్టాన్ని. చూసిపోదామని వచ్చానంతే."

మూతలసారు ముసలాయనను చూశాడు, మొండిచేతిని చూశాడు, గొంతు తగ్గించాడు.

"చుట్టమనే రాసుకుంటాను. నువ్వూ ఆ ఒక్కమాట అనమ్మా. నా పైన కూడా వాళ్లున్నారు. పిల్లల తల్లివి, ఎందుకొచ్చిన గొడవ?"

ఒక్కమాట. అంటే గది నిలుస్తుంది. ఆమె నోరు తెరిచింది కూడా. అప్పుడే మామగారు వంగి, మిగిలిన రెండు వేళ్లతో చెప్పు పట్టీని లాక్కోబోయారు. పట్టీ జారింది. మళ్లీ పట్టుకున్నారు, మళ్లీ జారింది. తాను బిగించిన తలుపునుంచి తానే బయటపడడానికి ఆ ముసలిప్రాణం పడుతున్న తొందర చూసి, ఆమె కడుపులో ఏదో భగ్గుమంది.

"ఆ గిన్నెమీద మూత పెట్టండి సార్."

"ఏంటమ్మా?"

"మూత పెట్టండి. ఆయన చుట్టం కాదు, మా మామగారు. ఈ తలుపు బిగించింది ఆయనే. ఇక్కడే ఉంటారు. రేపు వచ్చినా ఇక్కడే ఉంటారు."

"సాయం ఆగిపోతుంది. అద్దె ఎలా కడతావు?"

ఆమె మామగారి కాలికింది చెప్పు తీసి గోడవారన పెట్టింది.

"మామయ్యా, మీరెక్కడికీ వెళ్లనక్కర్లేదు."

వసారాలో ఏదో బరబరా ఈడుస్తున్న చప్పుడైంది. దర్జీ పెద్దమ్మ చేతుల కుర్చీని అందరూ చూస్తుండగా లాక్కొచ్చి, గుమ్మం మధ్యలో దించింది. ఇతర గుమ్మాలలో నిలబడ్డవారెవరూ తలుపులు మూసుకోలేదు.

"కూర్చో అన్నయ్యా," అంది పెద్దమ్మ. "సారు రాసుకోవాలంట. నిన్నూ, కుర్చీనీ కలిపే రాసుకుంటారు."

మామగారు కూర్చున్నారు. మూతలసారు చేతిలో మూత అలాగే ఉంది. దాని అంచునుంచి వేడినీటి బొట్లు ఒక్కొక్కటే అతని బూటుమీద పడుతున్నాయి.

ఈ కథ విన్నవారందరికీ ఆయురారోగ్యాలు కలుగుగాక. వారి ఇంటి పెద్దలు తలుపు తెరిచిన గదిలో, తమ కుర్చీలో తాము కూర్చుందురు గాక. పేదల గిన్నెలపై మూతలెత్తే చేతులకు ఆ ఆవిరి వేడి తెలియుగాక.