చేదుతిత్తి

హుస్సేన్ వలి మేక కార్జాన్ని ఎడమచేతిలో తిప్పి పట్టుకుని, దాని మడతలో అంటుకుని ఉన్న చేదుతిత్తి మొదట్లో బొటనవేలు ఆనించాడు. ఆళ్లగడ్డ బజారులో ఇన్నేళ్లుగా కోస్తున్నాడు, ఒక్క తిత్తీ పగలనివ్వలేదు. అది చిట్లి ఆ రసం సోకితే కార్జం నోట పెట్టలేరు. పొద్దున్నే గిన్నె పట్టుకుని వచ్చే శేషయ్య ఇంకో కొట్టు వైపు చూడనిది అందుకే.

ఆ రోజు వేలు పట్టు తప్పింది. తిత్తి చిట్లి ఆకుపచ్చని రసం కార్జమంతా పాకింది.

"కడిగి ఇయ్యప్పా, ఏం కాదులే," అన్నాడు శేషయ్య.

"కడిగితే పోయేది కాదన్నా అది."

వలి కార్జాన్ని కుక్కలకు విసిరేసి, తొడమాంసం కోసి గిన్నెలో వేశాడు. తర్వాత చింతమొద్దు మీద రెండు చేతులూ ఆనించి కాసేపు నిలబడ్డాడు. ఒకప్పుడు మేకను ఒంటిచేత్తో కొక్కేనికి ఎత్తిన మనిషి. ఇప్పుడు చొక్కా కొయ్యకు తగిలించినట్టు వేలాడుతోంది. కళ్లు పసుపు పూసినట్టున్నాయి. కామెర్లని ఊరివాళ్లు చెప్పిన పసరల్లా తాగాడు. తగ్గక నంద్యాల ఆసుపత్రికి పోతే, చేదుతిత్తిలో రాళ్లుంటాయని కడుపు కోశారు. రాళ్లు లేవు, నల్లటి గడ్డ ఉంది. తిత్తినే తీసేసి, గడ్డలో ముక్క పరీక్షకని మద్రాసుకు పంపారు. జవాబు వచ్చిందని నర్సు ఎస్తేరు నిన్న బస్సు కండక్టరుతో కబురంపింది.

"బేగా పోదాం పా, బస్సు పోతాది," అంటూ భార్య హమీదాబీ వచ్చి కత్తి అందుకుంది. వలి చెప్పులు తొడుక్కున్నాడు. ఎడమ చెప్పు మడమ దగ్గర ఆమె పాతచీర గుడ్డ మడిచి కుట్టిన మెత్త ఉంది.

నంద్యాలలో డాక్టరు కుర్చీ చూపించాడు. వలి కూర్చోలేదు.

"సార్, నా తిత్తి పగలకుండా తీసినారా?"

డాక్టరు తెల్లబోయాడు. "పగలలేదు. నిండుగానే తీశాం."

వలి తల ఊపాడు. చెయ్యి తిరిగిన వాడి చేతిలోనే పడ్డానని సంతోషించాడు, పిచ్చి మనిషి.

"మద్రాసు వాళ్లు మెలనోమా అని చెప్పారు," అన్నాడు డాక్టరు. "ఒంటిమీది నల్లమచ్చల్లో లేచే చెడ్డగడ్డ, క్యాన్సరు. చేదుతిత్తిలో కనబడటం చాలా అరుదు. ఎక్కువగా చర్మం మీద మొదలై, ఏళ్ల తర్వాత లోపలికి పాకుతుంది. నీకు ఎప్పుడైనా నల్లమచ్చ లేచిందా? ఎవరైనా కోశారా?"

తలుపు దగ్గర నిలబడిన హమీదాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కర్నూలు రాజధాని అయిన ఏడు, వలి ఎడమ మడమ కింద రేగుగింజంత నల్లమచ్చ లేచింది. నడిస్తే నెత్తురు కారేది. ఉతికి ఆరేసిన దుప్పటికి మళ్లీ మరక అయిందని ఒకరోజు ఆమె విసుక్కుంది. "దినామూ ఎన్నని కోస్తాండావు, దాన్నీ కోసేయ్‌గూడదా?" అంది. అతను నవ్వుతూ తన కత్తితోనే కోసుకున్నాడు. ఆమె పసుపూ సున్నమూ నూరి పెట్టింది. గాయం మానింది. ఇద్దరూ దాన్ని మరిచిపోయారు, గాటు ఒత్తుకోకుండా ఆ చెప్పుకు మెత్త కుట్టే అలవాటు మాత్రం ఆమెకు మిగిలింది.

"మచ్చ ఉండి ఉంటే వేరే మందుందా సార్?" అని అడిగాడు వలి.

"మచ్చ ఉన్నా లేకున్నా దీనికి మందు లేదు వలీ. ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలని అడుగుతున్నా."

"మచ్చలేం లేవు సార్."

డాక్టరు అతణ్ణి బల్ల మీద పడుకోబెట్టి తలనుంచి కాళ్లదాకా చూశాడు. మడమ దగ్గర ఆగాడు.

"ఈ గాటేమిటి?"

"కత్తి జారింది సార్. మా కసాయోళ్ల కాళ్లు ఇట్లనే ఉంటాయి."

నిజమే, రెండు కాళ్ల నిండా గాట్లే. "అయితే తిత్తిలోనే పుట్టిందనుకోవాలి," అన్నాడు డాక్టరు.

వలి లేచి చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. "కార్జానికి సోకిందా సార్?"

"సోకింది."

వలి వంగి చెప్పులు తొడుక్కున్నాడు.

తిరుగు బస్సులో హమీదాబీ కిటికీ వైపు ముఖం తిప్పుకుని కూర్చుంది. మచ్చను కోసెయ్యమన్నది తానే. తన నాలుక తెగిపోయినా బాగుండేదనిపించి లోలోపల కుమిలిపోయింది.

"విన్యావు గదా," అన్నాడు వలి. "తిత్తిలోనే పుట్టిందంట. మనం చేసిందేం లేదు."

ఆమె అతని ముఖంలోకి చూసింది. తను నమ్మిందా లేదా అని ఆ పచ్చని కళ్లు వెతుకుతున్నాయి. ప్రాణం మీదికి వచ్చినా ఆ మనిషికి ఆమె గురించే దిగులు. ఆమెకు గుండె పగిలిపోయింది.

"విన్యా," అంది. "ఆడనే పుట్టిందంట."

వలి నిమ్మళించి కళ్లు మూసుకున్నాడు.

ఇంకొన్నాళ్లు కొట్టు తెరిచాడు. కార్జం మాత్రం పక్క కొట్టువాణ్ణి పిలిచి కోయించేవాడు. తర్వాత మంచం పట్టాడు. ఒక మధ్యాహ్నం మంచినీళ్లు అడిగాడు. ఆమె చెంబు ముంచుకొచ్చేసరికి ఆ దాహం కూడా లేకుండా పోయింది.

శవానికి స్నానం చేయించిన తమ్ముడు బాషా చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "వదినా, అన్న మడమ కింద అంత గాటు ఏంది?"

"కత్తి జారింది," అంది హమీదాబీ.

అందరూ వెళ్లిపోయాక ఆమె గడప దగ్గర కూలబడింది. పక్కనే వలి ఎడమ చెప్పు ఉంది. ఆమె కుట్టిన గుడ్డ మెత్త మడమ ఆనినచోట గుంటపడి ఉంది, అంచున రెండు కుట్లు ఊడాయి.